బదులుగా దిగిపోయినవారు

పఠన భాగములు: ఆదికాండము 44:18–34; యోహాను 11:47–52

ఒకడు చావవలసియుండగా వానికి బదులుగా మరియొకడు చచ్చుట న్యాయమా? సువార్త కూటములలో వెనుక నిలువబడి వినువారు మనలను తరచుగా అడుగు ప్రశ్న ఇదియే. తప్పు ఒకనిది, శిక్ష మరియొకనిది అయినయెడల అది న్యాయమెట్లగునని వారందురు. మనము తొందరపడి ఒక వాక్యము అప్పగించి ఇంటికి పోవుదుము. అయితే అది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అది మోషే దినములకంటె ప్రాచీనమైనది. అబ్రాహాము విడిచివచ్చిన కల్దీయుల ఊరు పట్టణము ఏ దేశములో ఉండెనో ఆ దేశపు మట్టిపలకలమీద ఆ ప్రశ్న కథరూపముగా వ్రాయబడి నేటికిని నిలిచియున్నది. వ్రాసినవారు మన దేవుని ఎరుగరు. అయినను వారి కథను నిదానముగా వినినయెడల, మనము చెప్పవలసిన జవాబేదో, చెప్పకూడని జవాబేదో మనకే తేటపడునని నాకు తోచుచున్నది.

ఆ దేశము యూఫ్రటీసు, హిద్దెకెలు నదుల నడుమ నున్నది. ఇప్పుడు దానిని ఇరాకు అందురు. అక్కడి సుమేరువారును, వారి తరువాత బబులోనువారును, అష్షూరువారును భూమిక్రింద ఒక రాజ్యమున్నదని నమ్మిరి. దానికి తిరిగిరాని దేశమని పేరు. దానికి రాజు కాదు, రాణి కలదు. ఆమె పేరు ఎరెష్కిగలు; గొప్ప భూమికి రాణి అని ఆ పేరునకు అర్థము. ఆమె మంత్రి నమ్తారు. ఆ మాటకు విధి అని అర్థము. తెగుళ్లు తెచ్చువాడు వాడే. ఆమె ద్వారపాలకుడు నేతి. ఆమె భర్త నేర్గలు. ఈ చివరి పేరు మన బైబిలులోనే యున్నది. అష్షూరు రాజు షోమ్రోనులో కాపురముంచిన అన్యజనులలో కూతావారు నేర్గలును నిలువబెట్టుకొనిరని 2 రాజులు 17వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ కూతా పట్టణమే నేర్గలు గుడియున్న స్థలము.

నేర్గలు అక్కడికి అల్లుడైన కథయు ఒకటి కలదు. 1887లో ఐగుప్తులోని అమర్నా అను చోట దొరకిన పలకలలో అదియు నుండెను. పైలోకపు దేవతలు విందు చేసికొనిరి. వారు క్రిందికి దిగలేరు, ఎరెష్కిగలు పైకి ఎక్కలేదు. కాబట్టి ఆమె పాలు తీసికొనిపోవుటకు నమ్తారును పంపెను. వాడు సభలోనికి రాగానే అందరును లేచి నిలిచిరి, నేర్గలు లేవలేదు. ఆ అమర్యాదకై వానిని చంపుటకు ఆమె క్రిందికి పిలిపించెను. వాడు దిగివచ్చి ఆమెను జుట్టుపట్టి సింహాసనముమీదనుండి ఈడ్చెను. ఆమె ఏడ్చి, నన్ను పెండ్లాడుము, రాజ్యము నీదే అని వేడుకొనెను. వాడు ఆమె కన్నీరు తుడిచెను. మరణపు రాణియైనను తన ఇంటివిందు తాను తినలేనిది, ఏడ్చునది! మన దేశపు కథలలోని యముడు ఎన్నడైనను ఇట్లు ఏడ్చినట్లు నేను వినలేదు.

ఒక సంగతి గమనింపుడి. మన తెలుగు బైబిలులో షేయోలు అను హెబ్రీ మాటను పాతాళము అని తర్జుమా చేసిరి. చదువువారు దానిని నరకమని అనుకొందురు. ఎరెష్కిగలు ఇల్లు నరకము కాదు. అక్కడ మంటలు లేవు, నూనె కాగుచున్న పెనములు లేవు, పాపపుణ్యములు తూచు త్రాసు లేదు. చీకటి యున్నది, ధూళి యున్నది. చచ్చినవారు పక్షులవలె రెక్కలు తొడుగుకొని మన్ను తినుచు కూర్చుందురు. రాజును యాజకుడును అందులోనే యుందురు. కొన్ని గీతములలో సూర్యదేవతయు గిల్గమేషు రాజును చచ్చినవారికి తీర్పు తీర్చువారుగా కనబడుదురుగాని, మంచివానికి ఒక చోటు, చెడ్డవానికి ఒక చోటు అను ఏర్పాటు గట్టిగా ఎక్కడను లేదు. వాని కుమారులెందరు, వాని పేరట నీళ్లు పోయువారెవరు అనుదానినిబట్టియే వాని స్థితి. ఒక్క కుమారుడు గలవాడు ఏడ్చుచుండును. ఏడుగురు గలవాడు దేవతల దగ్గర కూర్చుండును. ఎవరును లేనివాడు వీధిలో పారవేసిన మెతుకులు తినును. బిడ్డలు లేనివారికి ఎంత కఠినమైన మతము! అయితే ఆ పలకలోనే, ఊపిరి పీల్చకమునుపే పోయిన పసికందులు బంగారు వెండి బల్లలయొద్ద నేతితోను తేనెతోను ఆడుకొందురని వ్రాయబడియున్నది. ఆ మాట వ్రాసినవాడు తన చేతులతో అట్టి బిడ్డను పాతిపెట్టినవాడై యుండునని నేననుకొందును.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఎరెష్కిగలుకు ఒక చెల్లెలు కలదు. పేరు ఇనన్న. పేరు చివర అన్న అని వినబడినను ఈమె స్త్రీయే. ఎరెకు పట్టణపు దేవత, ప్రేమకును యుద్ధమునకును అధికారిణి. బబులోనువారు ఈమెనే ఇష్తారు అనిరి. ఎరెకు పేరు ఆదికాండము 10:10లో నున్నది. ఈమె పాతాళమునకు దిగిన కథ సుమేరు భాషలో ఇంచుమించు నాలుగు వందల పంక్తుల పాట. మనకు దొరకిన ప్రతులు దాదాపు 3,700 సంవత్సరములనాటివి.

ఇనన్న తనకున్న గుళ్లన్నిటిని విడిచి, సకల అలంకారములతో క్రిందికి బయలుదేరెను. పోవుచు తన మంత్రిణియైన నిన్షుబూరును పిలిచి, మూడు దినములలో నేను రానియెడల నాకై ప్రలాపించి, పెద్ద దేవతలను వేడుకొనుమని చెప్పెను. పాతాళపు వాకిట నేతి ఆమెను ఆపెను. నా అక్క భర్త చనిపోయెను, కర్మాంతరములకు వచ్చితిననెను. ఈ పాటలో ఆ భర్త నేర్గలు కాడు, గుగలన్న అనువాడు. ద్వారములు ఏడు. మొదటి ద్వారమున తలపాగా తీసికొనిరి. తరువాత మెడలోని నీలమణిపూసలు, రొమ్ముమీది పూసలు, రొమ్ముపతకము, చేతి బంగారు కంకణము, కొలతకర్రయు కొలనూలును, చివరకు ఒంటిమీది వస్త్రము. ఇదేమని ఆమె అడిగినప్పుడెల్ల నేతి ఒకటే జవాబిచ్చెను: నోరు మూసికొనుము, ఇక్కడి కట్టడ ఇంతే. ఏడవ ద్వారము దాటునప్పటికి ఆమె దిగంబరి. ఏడుగురు న్యాయాధిపతులు ఆమెవైపు చావుచూపు చూచిరి. ఆమె శవమైపోయెను. ఆ శవమును కొక్కెమునకు తగిలించిరి.

మూడు దినములు గడచెను. నిన్షుబూరు ఏడ్చుచు ఒక్కొక్క దేవత గుడికి పోయెను. నిప్పూరులో ఎన్లిలు, ఊరులో నన్న కాదనిరి. ఆమె కోరిపోయిన చోటు అది, అక్కడికి పోయి తిరిగివచ్చినవారెవరు అనిరి. ఎరీదులో ఎన్కి మాత్రము కలతచెంది, తన గోళ్లక్రింది మట్టి తీసి ఇద్దరిని చేసెను. వారి చేతికి ప్రాణమిచ్చు మొక్కను, ప్రాణమిచ్చు నీళ్లను ఇచ్చెను. కత్తి ఇయ్యలేదు, సేన ఇయ్యలేదు. ఈగలవలె తలుపుసందుల దూరిపొండని చెప్పెను.

వారు లోపలికి పోయిచూడగా ఎరెష్కిగలు నేలమీద పడియుండెను. కప్పుకొనుటకు బట్ట లేదు, జుట్టు చెదరియుండెను, బిడ్డలను కన్న తల్లి బాధపడునట్లు మూలుగుచుండెను. అయ్యో నా కడుపు అని ఆమె మూలిగినప్పుడు, అయ్యో నీ కడుపు అని వారును మూలిగిరి. అయ్యో నా వెన్ను అనినప్పుడు, అయ్యో నీ వెన్ను అనిరి. మరేమియు చేయలేదు. ఆమె తల ఎత్తి, నా బాధతో బాధపడుచున్న మీరెవరు? మీరు దేవతలైతే మీకు మంచి మాట చెప్పెదను, మనుష్యులైతే మంచి విధి నిర్ణయించెదను అనెను. నిండు నది ఇచ్చెదననినను వారు పుచ్చుకొనలేదు. పంటచేను ఇచ్చెదననినను పుచ్చుకొనలేదు. కొక్కెమునకున్న ఆ శవమును ఇమ్మనిరి. ఆమె ఇచ్చెను. చావు రాణి దుఃఖపడగా ఎవరైనను ఆమె ప్రక్కన కూర్చుండి అయ్యో అనిరా? ఎవరును అనలేదు గనుకనే ఆ ఒక్క మాటకు ఆమె అంతగా లోబడెను. ఈ పాటలో నాకు అన్నిటికంటె ప్రియమైన భాగము ఇది.

ఇంతటితో కథ ముగిసినయెడల మనకు ప్రశ్నయే లేదు. ఇనన్న బ్రదికి లేచి పైకి పోబోవుచుండగా న్యాయాధిపతులు అడ్డగించిరి. పాతాళమునుండి ఊరకే పోయినవారెవరు? పోవలెననినయెడల తన తలకు బదులుగా మరియొక తల నియ్యవలెననిరి. ఆ తలను పట్టి తెచ్చుటకు గల్లా అనబడు భటులను ఆమె వెంట పంపిరి. వారు అన్నము తినరు, నీళ్లు త్రాగరు, కానుక పుచ్చుకొనరు. భార్యను భర్త కౌగిటినుండి, బిడ్డను తండ్రి ఒడినుండి లాగికొనిపోవుదురు. వారికి లంచము పనికిరాదు. మన కచేరీలలో అట్టి గుణము మెచ్చుకొందుముగాని, ఇక్కడ అదియే భయంకరముగా నున్నది.

వాకిటనే నిన్షుబూరు గోనెపట్ట కట్టుకొని ధూళిలో పడియుండెను. భటులు ఈమెను పట్టుదుమనిరి. వద్దు, ఈమె నాకై ఏడ్చినది అని ఇనన్న అనెను. ఉమ్మా పట్టణములో షారా, బద్తిబీరాలో లూలలు, వీరును ధూళిలోనే యుండిరి, వీరినిగూడ ఇయ్యననెను. ఎరెకు ప్రక్కనున్న కులాబునకు వచ్చిరి. అక్కడ ఆమె భర్తయైన దుముజి మంచి బట్టలు కట్టుకొని సింహాసనముమీద కూర్చుండియుండెను. ఆమె వానిని చూచెను. తనమీద పడిన చావుచూపునే వానిమీద ఉంచి, వీనిని కొనిపొండనెను.

ఈ దుముజియే మన బైబిలులోని తమ్మూజు. యెరూషలేము మందిరపు ఉత్తర ద్వారమునొద్ద స్త్రీలు కూర్చుండి వానికొరకు ఏడ్చుట యెహెజ్కేలు ప్రవక్తకు చూపబడెను (8:14). ఇష్తారు తమ్మూజును విడిపించుటకే పాతాళమునకు దిగెనని పండితులు చాలకాలము వ్రాయుచు వచ్చిరి. అది అందమైన ఊహ. సుమేరు పలకల ముక్కలు ఒక్కొక్కటి కూర్చి చదివినప్పుడు సంగతి తలక్రిందులాయెను. ఆమె వానిని విడిపించలేదు, అప్పగించెను. అటుతరువాత కథ చివరనున్న మరియొక మాటయు తేటపడెను. సామ్యూల్ నోవా క్రేమరు అను పండితుడు 1966లో ఆ సవరణ ప్రకటించెను: దుముజి ఎల్లకాలము అక్కడ ఉండడు. వానికి గెష్తినన్న అను తోబుట్టువు కలదు. వానికొరకు ఏడ్చి వెదకినది ఆమె. సంవత్సరములో సగము వాడును, సగము వానికి బదులు ఆమెయు పాతాళములో నుండవలెనని తీర్పాయెను. ఆమెను ఎవరును పట్టలేదు. గల్లా భటుల చీటీలో ఆమె పేరు లేదు.

ఒకే కథలో బదులు రెండు విధములుగా ఉన్నది. ఒకతె తన తలకు బదులు మరియొకని తల ఇచ్చినది. మరియొకతె మరియొకని తలకు బదులు తన తల ఇచ్చినది. పాతాళపు న్యాయాధిపతులకు ఈ రెండును ఒక్కటే. లెక్క సరిపోయిన చాలును. అయితే మనకు అవి ఒక్కటి కావు. కథ వ్రాసినవారికిని ఒక్కటి కావని నా అభిప్రాయము. లేనియెడల గెష్తినన్నను కథలోనికి తేనవసరము లేదు.

ఇది కథలోనే నిలిచిపోలేదు. ఆ దేశములో ఒకడు చావుజబ్బున పడినప్పుడు మేకపిల్లను రాత్రి వాని ప్రక్కలో పడుకొనబెట్టువారు. తెల్లవారకమునుపు కొయ్యకత్తితో రోగి గొంతును తాకి, రాగి కత్తితో మేక గొంతు కోసి, దానికి రోగి బట్టలు తొడిగి, వాడే చచ్చినట్లు ప్రలాపించి, ఎరెష్కిగలుకు అప్పగించి పాతిపెట్టువారు. మేకతో సరిపోయినంతవరకు అది ఒక రకము. రాజు ప్రాణమునకు ముప్పు వచ్చినప్పుడు మేక చాలదనిరి. చంద్రగ్రహణము రాజు చావునకు సూచనయని జ్యోతిష్కులు చెప్పినప్పుడు వేరొక మనిషిని సింహాసనముమీద కూర్చుండబెట్టి, కిరీటము పెట్టి, పక్కన రాణిగా ఒక కన్యనుంచి, గడువు తీరగానే చావునకు అప్పగించువారు. గడువు నూరు దినములవరకు ఉండవచ్చును. అంతవరకు నిజమైన రాజు దాగియుండును. ఉత్తరములలో వానిని రైతు అని పిలుతురు! చావు వెదకివచ్చినప్పుడు రైతును ఎవరు లెక్కచేయుదురని వారి తలంపు కాబోలు.

సన్హెరీబు కుమారుడైన ఏసర్హద్దోను (2 రాజులు 19:37) క్రీ.పూ. 681 మొదలు 669 వరకు ఏలినవాడు, ఇట్లు చేయించెను. నీనెవెలో దొరకిన ఉత్తరములలో ఒకటి క్రీ.పూ. 671 ప్రాంతపు సంగతి చెప్పుచున్నది. అక్కదు గుడి అధికారి కుమారుడైన దమ్కి అనువాడు రాజునకును రాకుమారునికిని బదులుగా తన రాణితోకూడ చనిపోయెననియు, సమాధి కట్టి, అలంకరించి, ఏడ్చి పాతిపెట్టితిమనియు రాజోద్యోగి వ్రాసెను. అక్కదువారు భయపడిరి, ధైర్యము చెప్పితిమి అనికూడ వ్రాసెను. ఆ భయమునకు కారణము ఊహించుట కష్టము కాదు. ఈసారి అధికారి కొడుకు. రేపు ఎవరి కొడుకు?

దీనికంటె పాతది మరియొక వృత్తాంతము బబులోనువారి రాజుల చరిత్రపలకలో కలదు. ఇసీను పట్టణపు రాజు ఎర్ర-ఇమిత్తి, ఎన్లిలు-బానీ అను తోటమాలిని బదులు రాజుగా కూర్చుండబెట్టెను. అంతలో రాజు తన నగరులో వేడి జావ త్రాగుచు చచ్చిపోయెను. తోటమాలి సింహాసనము దిగనేలేదు. 24 సంవత్సరములు ఏలెను. నవ్వవలసిన చోటు ఇదొక్కటే గనుక నవ్వుకొనుడి.

ఈ బదులుల న్యాయము దేనిని పోలియున్నది? అది అప్పులవాని న్యాయము. సొమ్ము ముట్టవలెను, ఎవరు కట్టిననేమి? ఆ దేశములో అప్పు తీర్చలేనివాడు తన భార్యను కుమారుని కుమార్తెను ఇచ్చివేయుట వాడుక. హమ్మురాబి రాజు శాసనము 117వ నిబంధన, అట్లు పోయినవారు మూడేండ్లు పనిచేసి నాలుగవ ఏట విడుదల పొందవలెనని హద్దు పెట్టినది. అయ్య చేసిన అప్పునకు కొడుకును పాలేరుగా పెట్టుట మన పల్లెలకు తెలియనిది కాదు. దానిని మన దేశములో చట్టము నిషేధించినది 1976లో మాత్రమే. భూమిమీది ఋణదాత ఎట్లో భూమిక్రింది రాణి అట్లే. మనుష్యులు తమ దేవతలకు తమ ఊరి షావుకారు గుణమే ఇచ్చుకొందురు.

మొదట చెప్పిన ప్రశ్న అడుగువారు మన సువార్తలో దీనినే వినుచున్నారని నా అనుమానము. ఒక కఠినుడైన అధికారి, ఒక తల కావలెనని పట్టుబట్టెను; పాపము, నిరపరాధిని పట్టియిచ్చిరి; లెక్క సరిపోయెను. మనము అట్లు ప్రసంగించినయెడల వారు కాదనుట న్యాయమే. యెహెజ్కేలు 18వ అధ్యాయముగూడ వారి పక్షముననే నిలుచును, అక్కడ తండ్రి దోషము కుమారుడు మోయడు.

యోహాను 11వ అధ్యాయములో కయప మాట చూడుడి. జనమంతయు నశింపకుండునట్లు ఒక మనుష్యుడు చచ్చుట మేలని వాడు సభలో లెక్కకట్టెను. అది సరిగా ఏసర్హద్దోను లెక్క. తాను దాగియుండి, మరియొకని ముందుకు త్రోయుచున్నాడు. అయితే అదే మరణమునుగూర్చి మన ప్రభువు యోహాను 10:18లో వేరుగా చెప్పెను: దానిని ఎవడును తననుండి తీసికొనడు, తానే పెట్టుచున్నాడు. ఒకే సిలువ, రెండు మాటలు. కయప మాటచొప్పున అది హత్య. ప్రభువు మాటచొప్పున అది అర్పణ. పైగా అర్పించుకొనినవాడు వాకిటిబయట నిలిచిన పరాయివాడు కాడు. తండ్రియు తానును ఏకమైయున్నామని చెప్పినవాడు. అప్పు రావలసినవాడే అప్పు తన మీద వేసికొనినప్పుడు దానిని అప్పులవాని న్యాయమని ఎవరందురు?

మీరీ బోధను ఈ పాతకథలనుండియే తెచ్చుకొంటిరని కొందరు చదువుకొన్నవారు చెప్పుదురు. మూడు దినములు, ఒక దిగుట, ఒక లేచుట అని వ్రేళ్లు మడిచి లెక్కించుదురు. ఇనన్న ఎవరి కొరకును దిగలేదు. లేచినప్పుడు ఎవరినో అప్పగించినది. పోలిక అక్కడనే తెగిపోవుచున్నది. గెష్తినన్న విషయమైతే వేరు. దేవుని ధర్మశాస్త్రము లేని జనులలోగూడ, ప్రేమగలవాడు ఏమి చేయునో ఎరిగినవారుండిరనుటకు ఆమె కథ సాక్ష్యము. దానివలన మనకు నష్టమేమియు లేదు.

మన బైబిలులోనే ఈ రెండు విధములును ఒకే మనుష్యుని యందు కనబడుచున్నవి. యూదా తన తమ్ముడైన యోసేపును ఇష్మాయేలీయులకు అమ్ముదమని సలహా చెప్పినవాడు (ఆది. 37:26–27). చంపుటకు బదులు అమ్ముటయే మేలని లెక్క చూపెను. ఇరువది వెండి తులములు వచ్చినవి. తండ్రి మాత్రము కుమారునికొరకు ఏడ్చుచు నేనును పాతాళమునకు దిగిపోదుననెను. చాల సంవత్సరములు గడచినవి. బెన్యామీను గోనెలో గిన్నె దొరికెను. ఈసారియు చిన్నవానిని విడిచి పోవచ్చును. సెలవిచ్చినవాడు అధికారియే, తప్పు పట్టువారు లేరు. అయితే యూదా ఆ అధికారియొద్దకు వచ్చి, ఈ చిన్నవానికి బదులు నన్ను దాసునిగా ఉంచుకొమ్మని అడిగెను. తండ్రి ముఖము ఎట్లు చూడగలనని చెప్పెను. తప్పు చిన్నవానిది కాదని వాదింపలేదు, రుజువులు అడుగలేదు. ఆ మాట వినగానే అధికారి తన్ను అణచుకొనలేక అందరిని బయటికి పంపివేసెను. అతడు ఏడ్చిన ధ్వని ఫరో యింటివారికి వినబడెను.

గెష్తినన్నకు కడపట ఏమాయెననినయెడల, తరువాతి కాలపు పలకలలో ఆమెను పాతాళపు లేఖకురాలితో ఒక్కటిగా ఎంచిరి. ఎరెష్కిగలు యెదుట మోకాళ్లూని, పలక చేతపట్టుకొని, వచ్చిన ప్రతివాని పేరు ఆమెయే చదువును.